కుడి వెనక శబ్దం

ఆ కాగితం మీద రాత మేస్త్రిది కాదు. సంతకమూ మేస్త్రిది కాదు. ఉద్యోగం మాత్రం మేస్త్రిదే పోయింది.

ఆరేళ్ళ కిందటి మాట. ఒక పెద్ద కార్ల వర్క్‌షాపులో ఆయన పని వినడం. వేళాకోళానికి అనడం లేదు, నిజంగా వినడమే. బాగుచేసిన బండిని బయటికి తీసుకెళ్ళి, నాలుగు వీధులు తిప్పి, గతుకుల్లో దించి, ఏ మూల ఏ శబ్దం వస్తోందో పట్టుకుని పచ్చ కాగితం మీద రాసివ్వాలి. ఆయన సరేనంటేనే బండి గేటు దాటేది. ఇరవై రెండేళ్ళు అదే పని. బోల్టు వదులైతే ఒక రకం, రబ్బరు అరిగితే ఒక రకం, స్ప్రింగు విరిగితే మరో రకం. కళ్ళు మూసుకుని చెప్పేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొసని ఇంజనుకి, పిడిని చెవికి ఆనించి నిలబడితే తోటి మెకానిక్కులు, "చెవుల మేస్త్రి వచ్చాడు, ఊపిరి బిగబట్టండ్రా" అనేవాళ్ళు. అలా ఆయనకి చెవుల మేస్త్రి అన్న పేరు స్థిరపడిపోయింది.

ఒకరోజు ఒక వ్యాను వచ్చింది. వెనక చక్రాల కుదుపుని మింగే షాకులు రెండూ మార్చారు. మేస్త్రి తిప్పి చూసి, "కుడి వెనక శబ్దం ఉంది, మళ్ళీ విప్పాలి" అని రాశాడు. వ్యాను యజమాని కంపెనీకి కావలసినవాడు, పైగా తొందరలో ఉన్నాడు. సూపర్‌వైజరు ఆ కాగితాన్ని చించి బుట్టలో పడేశాడు. ఇంకో పచ్చ కాగితం తీసి "శబ్దం లేదు" అని రాశాడు. మేస్త్రి సంతకం తనే గీకేశాడు. వ్యాను వెళ్ళిపోయింది. నాలుగో రోజున ఒక మలుపులో కుడి వెనక షాకు పైభాగం ఊడొచ్చి, వ్యాను గోడకి కొట్టుకుంది. డ్రైవరు కాలు రెండు చోట్ల విరిగింది.

విచారణ అన్నారు. "నేను విన్నాను, రాశాను" అన్నాడు మేస్త్రి. "ఏదీ, చూపించు" అన్నారు. వాళ్ళ దగ్గరున్న కాగితం చూసి "ఈ సంతకం నాది కాదు" అన్నాడు. ఆ మాట ఒక్కడి తలకీ ఎక్కలేదు. పైగా ఆయన్ని చెవుల డాక్టరు దగ్గరికి పంపించారు. జాలితో కాదు. గాలితో నట్లు బిగించే మిషన్ల మోతలో ఇరవై రెండేళ్ళు నిలబడ్డ చెవులు ఎలా తయారవుతాయో వాళ్ళకి బాగా తెలుసు. కుడి చెవి సగం పోయింది, ఎడమ చెవి అదే దారిలో ఉంది అని డాక్టరు రాసిచ్చాడు. వాళ్ళకి కావలసిందీ అదే. వినపడనివాడు విన్నానంటే నమ్మేదెవరు? చెవులు తిన్నదీ వాళ్ళే, చెవులు లేవని గెంటిందీ వాళ్ళే.

ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి తగిలింది. ఆ డాక్టరు కాగితం ఆయన బుర్రలో ఒక పురుగుని వదిలిపెట్టింది. ఆ రోజు వ్యానులో నేను నిజంగా విన్నానా? లేక విన్నాననుకున్నానా? ఈ మాట ఆయన భార్యతో కూడా అనలేదు. ఒక్క బావమరిదితో, ఒక్కసారి అన్నాడు. బావమరిది ఏం చెప్పాలో తెలియక, "విన్నావులే బావా" అన్నాడు. ఆ 'లే' దగ్గర మేస్త్రి మొహం తిప్పేసుకున్నాడు.

బావమరిది దర్జీ. రెండు వీధుల అవతల, వాచీలు బాగుచేసే ఆయన కొట్టు పక్కన అతని కొట్టు. బావంటే అతనికి ప్రాణం, పైకి మాత్రం ఎప్పుడూ ఎకసెక్కాలే. ఆ ఇద్దరూ మామూలుగా మాట్లాడుకుంటున్నారంటే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం.

ఈమధ్య నిజంగానే బాగాలేదు. దర్జీ అక్కకి, అంటే మేస్త్రి భార్యకి, వెన్నుపూస ఆపరేషన్ అయింది. వారానికి రెండుసార్లు ఆవిణ్ణి వ్యాయామం చేయించే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాలి. ఇంట్లో పాత కారు ఉంది. ఇంజను బాగానే ఉంది గానీ వెనక షాకులు రెండూ పోయాయి. నూనె కారి, గొట్టాలు నల్లగా జిడ్డోడుతున్నాయి. చిన్న గుంటలో దిగినా బండి వెనకభాగం పడవలా నాలుగుసార్లు ఊగేది. ఊగినప్పుడల్లా అక్క చేతి రుమాలు పళ్ళ మధ్య పెట్టుకుని కొరికేది. మేస్త్రికి ఆవిడ మూలుగు వినపడేది కాదు. అద్దంలో ఆ రుమాలు కనపడేది.

"ఏదైనా షెడ్డుకి పంపించు బావా. పూట పని" అన్నాడు దర్జీ.

"పంపిస్తే?"

"బాగుచేసి, సరిగ్గా ఉందని చెప్పి ఇస్తారు."

"ఆ చెప్పేవాడెవడు?" అన్నాడు మేస్త్రి. "ఎవడో సరిగ్గా ఉందన్న బండిలో మీ అక్కని ఎక్కించను. నేనే మారుస్తా. వినడానికి నువ్వున్నావుగా, నీ చెవులు అరువివ్వు."

దర్జీ ఆ మాటకి పొంగిపోయాడు. చెవుల విలువ తెలిసిన మనిషి, ఆ చెవుల పని తనకి అప్పజెప్పాడు.

ఆదివారం పొద్దున దర్జీ వచ్చేసరికి కారు ఇంటి పక్క సందులో ఉంది. మేస్త్రి పాత దుప్పటి మీద పానాలు వరసగా పేర్చుకుంటున్నాడు. అక్క కిటికీ పక్క మంచం మీద దిండ్లకి చేరగిలబడి చూస్తోంది. వాచీల ఆయన సెలవు కదాని టీ గ్లాసుతో గోడ దగ్గర నిలబడ్డాడు.

"కొలతలు తియ్యనా బావా, బండికి?" అన్నాడు దర్జీ. ఎదురుగా నిలబడి, పెదాలు కదిలించి, గట్టిగా అనాలి. మేస్త్రి చెవి మిషను పెట్టుకుంటే కూ అని ఈలేస్తుంది, అందుకని ఎక్కువగా జేబులోనే ఉంటుంది.

"ముందు నీ నోటి కొలత తియ్యి. సరిపడా గుడ్డ కుక్కుదాం."

"ఇద్దరూ కబుర్లాడుకుంటూ బోల్టులు మింగేస్తారేమో, లెక్క చూసుకోండి" అంది అక్క కిటికీలోంచి.

డిక్కీలో చాప ఎత్తి, పక్కనున్న అట్టముక్క తీస్తే లోపల రెండు మూలలా షాకుల కొసలు పైకి పొడుచుకొచ్చి కనపడ్డాయి. షాకంటే జానెడున్నర గొట్టం, దాని చుట్టూ స్ప్రింగు. కింది కొసని చక్రం దగ్గర ఒక బోల్టు పట్టుకుంటుంది. పైకొస సన్నటి కడ్డీలా డిక్కీలోకి వస్తుంది. ఆ కడ్డీకి ఒక రబ్బరు తొడిగి, మీద కొంచెం గుంటగా ఉన్న వాషరు పెట్టి, ఆపైన నట్టు బిగిస్తారు. పెద్ద బరువంతా ఆ చిన్న నట్టు మీదే.

పద్ధతి మేస్త్రే చెప్పాడు. తను కింద, దర్జీ డిక్కీలో. కింద ఉంటే పైమాట వినపడదు కాబట్టి దర్జీ బండి రేకు మీద వేలితో కొట్టాలి, ఆ అదురు ఆయన చేతికి తెలుస్తుంది. ఒకటి కొడితే ఆగమని, రెండు కొడితే అయిందని.

"మూడు కొడితే?"

"మూడు కొడితే నీకు టీ కావాలని. నాలుగు కొడితే నిన్ను నేను కొడతానని."

ఎడమవైపుతో మొదలుపెట్టారు. బండి నేల మీద ఉండగానే చక్రం నట్లు కొద్దిగా వదులు చేసి, జాకీ కింద చెక్క వేసి లేపాడు. చక్రం విప్పి, దాన్ని బండి అంచు కిందికి తోశాడు. అది ఆయన పాత అలవాటు. జాకీ జారినా బండి చక్రం మీద పడుతుంది, మనిషి మీద కాదు. కింది బోల్టు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కిరసనాయిలు పోసి, పానాకి ఇనుప గొట్టం తొడిగి, ఇద్దరూ వేలాడితే కెవ్వుమని కదిలింది. పాత షాకు బయటికొచ్చాక, దాని స్ప్రింగుని మర తిప్పితే బిగిసే రెండు కొక్కేలతో అటూ ఇటూ పట్టి, ఒక్కో చుట్టు తిప్పుతూ నొక్కాడు. దర్జీ రెండడుగులు వెనక్కి జరిగాడు.

"భయమా?"

"నాకు సూది గుచ్చుకుంటేనే జ్వరమొస్తుంది. అది గనక తప్పించుకుంటే నా తల ఎవరింటి మేడ మీద దొరుకుతుందో."

"తలతో నీకేం పని? టేపు మెడలో వేసుకోడానికి మెడుంటే చాలు."

అదే స్ప్రింగుని కొత్త షాకుకి ఎక్కించి, కింద బోల్టు పెట్టి, తనే డిక్కీలోకి వచ్చి పైన రబ్బరు, వాషరు, నట్టు బిగించాడు. కొత్త షాకులతో వాషర్లు రాలేదు, పాతవే వెయ్యాలి. దర్జీ ఆ పని చూడలేదు. పక్కకెళ్ళి, నల్లబడ్డ గోళ్ళు కడుక్కుంటున్నాడు. రేపు పెళ్ళివాళ్ళ తెల్లచొక్కాలు ఉన్నాయి, మరక అంటితే ఊరుకోరు. ఆ కాసేపు గోళ్ళ సంగతి మానేసి బావ చేతులకేసి చూసి ఉంటే ఈ కథ లేదు.

కుడివైపు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అక్కడ నేల మెత్తన, గోడవార నీళ్ళు పారే చోటు. చెక్క మీద చెక్క వేసి లేపారు. పాతది విప్పడం, స్ప్రింగు మార్చడం బాగానే జరిగింది. ఈసారి కింది బోల్టు చిల్లులు కుదరలేదు. మేస్త్రి దుప్పటి మీద వెల్లకిలా పడుకుని, షాకుని భుజంతో పైకి నెట్టిపట్టి, "పైన నట్టు నువ్వే పెట్టెయ్" అని అరిచాడు.

కడ్డీ డిక్కీలోకి వచ్చింది. దర్జీ రబ్బరు తొడిగాడు. వాషరు చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు కింద చెక్క ఫట్‌మంది.

బండి నాలుగు వేళ్ళ మందం కిందికి దిగి, చక్రం మీద ఆగింది.

కిటికీలోంచి అక్క కేక పెట్టింది. లేచి పరుగెత్తడానికి ఆవిడకి నడుం లేదు. కిటికీ ఊచలు పట్టుకుని "ఏమండీ, ఏమండీ" అని ఒకటే కేకలు. వాచీల ఆయన టీ గ్లాసు పారేసి పరుగెత్తుకొచ్చాడు. ఆ కేకలు ఆ సందంతటికీ వినపడ్డాయి, ఒక్క మేస్త్రికి తప్ప.

"కొంచెం దిగింది. చక్రం ఉందిగా, ఏం కాదు" అన్నాడాయన కిందనుంచి, గుమ్మంలో కూర్చుని మాట్లాడుతున్నంత తాపీగా. "నువ్వు నట్టు పెట్టు. భుజం లాగేస్తోంది."

దర్జీ చేతిలో వాషరు ఉంది. ఒకవైపు తుప్పూ దుమ్మూ, ఒకవైపు తళతళ. ఆలోచించే తీరికేదీ? ముప్ఫై ఏళ్ళుగా గుడ్డ చేతికొస్తే మంచివైపు బయటికి తిప్పే వేళ్ళవి. వాటంతట అవే వాషరు మెరిసేవైపు పైకి పెట్టాయి. నట్టు తిప్పాడు, పానాతో బిగించాడు, రేకు మీద రెండు కొట్టాడు.

"వాషరు సరిగ్గా పెట్టావా?"

మళ్ళీ రెండు కొట్టాడు.

సాయంత్రం ముగ్గురూ బండెక్కారు. మేస్త్రి ముందు. వెనక సీట్లో దిండుకి ఆనుకుని అక్క, పక్కన దర్జీ. వద్దంటే అక్క వినలేదు. "బాధ నాది, పరీక్ష ఇంకొకరికా?" అంది. డాక్టరమ్మ వీధిలో మూడు స్పీడ్ బ్రేకర్లున్నాయి. మొదటిదాని మీద బండి మెత్తగా లేచి, ఒక్కసారి కూర్చుంది. ఊగలేదు. అక్క రుమాలు తియ్యలేదు. మేస్త్రి వెనక్కి చూసే అద్దంలోంచి దర్జీ పెదాలకేసి చూశాడు. దర్జీ నవ్వాడు.

రెండోదాని మీద, కుడివైపు, టక్.

చిన్న శబ్దమే. వేలి గోటితో పెట్టె మీద కొట్టినట్టు. మూడోదాని మీద మళ్ళీ టక్. దర్జీ నోరు తెరవబోయాడు. అక్క చెయ్యి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి. అద్దంలో కనపడకుండా తల దించుకుని, గొంతు కూడా తగ్గించకుండా అంది. భర్తకి వినపడదుగా. "చెప్పకురా తమ్ముడూ. చెబితే ఆయన మళ్ళీ బండి కింద దూరతారు. ఇందాక నా ప్రాణం పోయి వచ్చింది. ఇంకోసారి పోతే రాదు."

"ఉందా?" అన్నాడు మేస్త్రి బండి ఆపి.

దర్జీ అక్క చేతికేసి చూశాడు. వాషరు పెట్టింది తను, నట్టు బిగించింది తను. ఆ సంగతి అక్కకి తెలియదు. అక్క మాట అతనికి సాకుగా కూడా పనికొచ్చింది. ఇది అతను తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా, కాదనలేకపోయాడు.

"లేదు బావా."

"కుడి వెనక?"

"అసలు లేదు."

ఆరేళ్ళలో బావ మొహం అలా విప్పారడం దర్జీ చూడలేదు. మేస్త్రి ముందు పెట్టెలోంచి చిన్న పుస్తకం తీశాడు. ఇంటి బండికి కూడా కాగితం రాసే మనిషి ఆయన. "ఎడమ వెనక: శబ్దం లేదు. కుడి వెనక: శబ్దం లేదు." కింద "విన్నవారు" అని రాసి, గీత గీసి, పెన్ను వెనక్కి చాపాడు.

"నాకెందుకు బావా, నువ్వే పెట్టు."

"విన్నది నువ్వు. నేను విన్నానని ఎలా పెడతాను?"

దర్జీ సంతకం పెట్టాడు. పెన్ను రాయనని మొరాయించింది. రెండోసారి దిద్దాడు.

ఆ తర్వాత మంగళవారం, శుక్రవారం, మళ్ళీ మంగళవారం. దర్జీ ఏదో పని ఉందని ఒక్కరోజూ బండెక్కలేదు. అక్కని ఫోన్లో అడిగేవాడు. "ఎలా ఉందే?"

"ఊగడం లేదు, హాయిగా ఉంది."

"అదీ?"

"అది ఉంది."

"పెరిగిందా?"

"నీ పని చూసుకో" అని అక్క ఫోను పెట్టేసేది. అతని పని అదే. మిషను తొక్కుతుంటే సూది టకటకమంటుంది, ప్రతి టక్కుకీ వ్యాను, గోడ, డ్రైవరు కాలు గుర్తొచ్చేవి. చెప్పాలంటే బావ మళ్ళీ బండి కింద దూరతాడు. చెప్పకపోతే అక్క ఆ బండి వెనక సీట్లోనే కూర్చుంటుంది. ఎటు తిరిగినా అడుగు పడటం లేదు. ఇంకో మెకానిక్కుని తీసుకెళ్ళి చూపిద్దామంటే బావ గుమ్మం తొక్కనివ్వడు. తనే వెళ్ళి దొంగతనంగా విప్పుదామంటే ఏం విప్పాలో తెలియదు. ఎక్కడ తప్పు జరిగిందో తెలిస్తే కదా!

ఆ గురువారం ఒక కోటు గుడ్డ కత్తిరించడానికి బల్ల మీద పరిచాడు. కత్తిరించేటప్పుడు మంచివైపు లోపలికి వచ్చేలా మడుస్తారు. సుద్దమరకలూ మురికీ బయటివైపు తగిలి, మంచివైపు శుభ్రంగా ఉండాలని. మడిచి, అరచేత్తో సాపు చేశాడు. చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

లోపల ఉన్నది శుభ్రంగా ఉంటుంది.

ఆ వాషరు ఒకవైపు ఎందుకు మెరిసింది? ఇన్నేళ్ళూ ఆ వైపు రబ్బరుని కప్పుకుని లోపలికి ఉంది కాబట్టి మెరిసింది. దుమ్మూ తుప్పూ పట్టింది పైవైపు. గుంట రబ్బరు మీదికి వస్తేనే అది రబ్బరుని గుప్పిట్లో పట్టినట్టు పట్టుకుంటుంది. తను దాన్ని వెల్లకిలా పెట్టాడు. రబ్బరు పక్కలకి జారిపోతూ ఉంటుంది, నట్టు రోజురోజుకీ వదులవుతూ ఉంటుంది.

"ఏంటయ్యా, కోటుని కళ్ళతో కుడుతున్నావా?" అన్నాడు వాచీల ఆయన పక్క కొట్టులోంచి. రేపు శుక్రవారం. దర్జీ కత్తెర బల్ల మీద పడేసి పరుగులాంటి నడక అందుకున్నాడు. అతని మొహం చూసి వాచీల ఆయన కూడా కంటికున్న భూతద్దం ఊడదీసి వెనకే వచ్చాడు.

సందులో కారు డిక్కీ తెరిచి ఉంది. మేస్త్రి అందులోకి నడుం దాకా వంగి ఉన్నాడు. ఒక కాలు బంపరు మీద వేసి బండిని కిందికీ పైకీ ఊపుతున్నాడు. ఆయన పాత పొడుగాటి స్క్రూడ్రైవరు కొస కుడివైపు షాకు కడ్డీ మీద ఉంది. పిడి ఆయన నోట్లో, పళ్ళ మధ్య ఉంది.

"బండిని తింటున్నావా బావా?" అలవాటుగా వచ్చేసింది ఆ మాట. నోట్లోంచి జారాక దాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియలేదు.

నీడ పడటం చూసి మేస్త్రి పిడి నోట్లోంచి తీసి, తిరిగి చూశాడు. నవ్వలేదు.

"చెవికి రానిది పళ్ళకి వస్తోంది. టక్ టక్ అని. మూడు రోజులుగా చూస్తున్నా. మీ అక్కని అడిగితే లేదంటుంది. నువ్వు లేదన్నావు, రాసిచ్చావు కూడా. ఇద్దరు లేదన్నాక ఉందనడానికి నేనెవణ్ణి? పళ్ళే కదులుతున్నాయేమో అనుకున్నా." కొంచెం ఆగాడు. "నిన్న పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చా. గట్టిగానే ఉన్నాయన్నాడు."

"ఉంది బావా" అన్నాడు దర్జీ.

"ఏంటి?"

"ఉంది. శబ్దం."

మేస్త్రి జేబు తడుముకున్నాడు. చెవి మిషను ఇంట్లో ఉంది. "వినపడటం లేదు. గట్టిగా చెప్పు."

గొణిగే మాట కాదు, గొణగనిచ్చే మనిషీ కాదు. దర్జీ సందంతా వినపడేలా అరిచాడు. "మొదటి రోజే ఉంది బావా! నేను విన్నాను! లేదని అబద్ధం చెప్పాను! వాషరు నేనే తిరగేసి పెట్టాను!"

కిటికీలో అక్క లేచి కూర్చుంది. "నేనే చెప్పొద్దన్నానండీ. వాణ్ణి ఏమీ అనకండి" అని అరిచింది. ఆయనకి వినపడలేదో, వినదలచుకోలేదో, అటు తిరగలేదు. వెళ్ళి డిక్కీ అంచు మీద కూర్చున్నాడు. చాలాసేపు అరచేతిలో స్క్రూడ్రైవరు దొర్లించాడు.

"అయితే ఉందన్నమాట" అన్నాడు చివరికి. ఆ గొంతులో కోపం లేదు. పోయిన వస్తువు పాత పెట్టెలో దొరికినవాడి గొంతులా ఉంది. దర్జీకి ఆ క్షణంలో అర్థమైంది. బావ ఆనందిస్తున్నాడు. నా ఒళ్ళు నాతో అబద్ధం చెప్పలేదు అనుకుంటున్నాడు. ఆరేళ్ళ నాటి వ్యాను దగ్గరికి వెళ్ళి చెవి పెట్టి వింటున్నాడు.

అంతలోనే ఆ వెలుగు ఆరిపోయింది. తలెత్తి సూటిగా అడిగాడు.

"ఆ వ్యానులో కూడా నా పక్కన నువ్వే ఉండుంటే, అప్పుడూ లేదనేవాడివేనా?"

దర్జీ 'లేదు' అనాలి, కానీ ఆ మాటకి అప్పటికే విలువ పోయింది.

పని పది నిమిషాల్లో అయిపోయింది. బండి కింద దూరాల్సిన అవసరమే రాలేదు, అంతా డిక్కీలోంచే. ఆ సంగతి ముందే తెలిస్తే అక్క ఆపేదే కాదు, దర్జీ దాచేవాడే కాదు. నట్టు చేత్తో పట్టుకుంటేనే తిరిగింది. నాలుగు చుట్లు వదులైపోయింది. మేస్త్రి రబ్బరు సర్ది, వాషరు తిప్పి, గుంట రబ్బరు మీద కూర్చోబెట్టి, నట్టు బిగించాడు. దర్జీ పానా అందించబోతే ఆయనే వంగి తీసుకున్నాడు.

"ఆ కాగితం చించెయ్ బావా" అన్నాడు దర్జీ.

మేస్త్రి ముందు పెట్టెలోంచి పుస్తకం తీశాడు. దర్జీ సంతకమున్న పేజీ ఒకసారి చూసి, మూసి, మళ్ళీ లోపల పెట్టాడు.

"కాగితాలు చించే అలవాటు నాకు లేదు."

తర్వాత తాళంచెవి తీసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. దర్జీ అలవాటుగా వెనక తలుపు దగ్గరికి వెళ్ళాడు. మేస్త్రి కిటికీ దించి, గోడ దగ్గరున్న వాచీల ఆయన్ని పిలిచాడు.

"ఏమయ్యా, వాచీ టిక్కులు వినేవాడివి, ఓ పావుగంట నీ చెవులిస్తావా?"

వాచీల ఆయన దర్జీ మొహంకేసి చూశాడు, మేస్త్రి మొహంకేసి చూశాడు, ఇబ్బందిగా ఎక్కి కూర్చున్నాడు. బండి సందు మలుపు తిరిగింది. దర్జీ చెయ్యి తలుపు పట్టుకోబోయిన చోటే గాల్లో ఉండిపోయింది. కిటికీలో అక్క ఏడుస్తోంది. అతను అటు వెళ్ళలేకపోయాడు, ఇటు వెళ్ళిపోలేకపోయాడు. కాసేపటికి బండి తిరిగొచ్చింది. వాచీల ఆయన దిగి, శబ్దం లేదన్నట్టు దర్జీకి తల అడ్డంగా ఊపాడు. లోపల మేస్త్రి కొత్త పేజీ తిప్పి రాస్తున్నాడు.

ఆ తర్వాత మాటలు ఆగిపోలేదు. ఆగిపోయినా బాగుండేది. "అక్క ఎలా ఉంది బావా" అంటే "బాగుంది" అంటాడు. "బండి ఎలా ఉంది" అంటే "నడుస్తోంది" అంటాడు. ఎకసెక్కాలు లేవు. దర్జీ ఒకటి రెండుసార్లు విసిరి చూశాడు, అవి గోడకి తగిలి కింద పడ్డాయి. ఇప్పుడు వాళ్ళిద్దరూ మామూలుగా మాట్లాడుకుంటున్నారు.

చివరిసారి మేస్త్రి కొట్టుకి వచ్చింది మొన్న సోమవారం, చొక్కా తీసుకోవడానికి. కొలతలు పాతవే ఉన్నాయి, గుడ్డ అక్క పంపింది. దర్జీ ఆ చొక్కాని అంతకుముందు పదిసార్లు విప్పి కుట్టాడు. మేస్త్రి దాన్ని లోపలివైపు తిరగేసి, వెలుతురులోకి తీసుకెళ్ళాడు. భుజాల దగ్గర కుట్టుని బొటనవేలితో తడిమాడు. చంకల దగ్గర పట్టి లాగి చూశాడు. గుండీలు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. దర్జీ పరీక్ష రాసినవాడిలా మిషను వెనక నిలబడ్డాడు. మేస్త్రి చొక్కా మడిచి చంకలో పెట్టుకుని, మెట్టు దిగబోతూ ఆగాడు.

"కుట్టు బాగుంది" అన్నాడు. "ఇది నేను నా కళ్ళతో చూసుకోగలను."